గడప కింద తుప్పు: పాత స్పోర్ట్స్ కారు ఛాసీని ఎప్పుడు బిగించాలి?

మస్కట్ నుంచి మాట్లాడుతున్నాను. నేను పొట్టకూటికి కంప్యూటర్ల పని చేస్తాను, ఐ.టి. కన్సల్టెంట్ ని. చదివింది మాత్రం కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగ్, ఆ పైన ఒక మాస్టర్స్ డిగ్రీ. మా బ్యాచ్ లో సగం మందిలాగే నేను కూడా లేత్ మెషీన్ వదిలేసి కీబోర్డు పట్టుకున్నవాణ్ణి. ఆ వదిలేసిన చదువు తాలూకు బెంగ తీర్చుకోవడానికి కొందరు వీణ నేర్చుకుంటారు, నేను పాత కారు కొనుక్కున్నాను. ఇవాళ ఆ కారు గురించి, అందులోనూ దాని ఎముకల గూడు గురించి చెప్తాను. "మాకు స్పోర్ట్స్ కార్లు లేవు కదండీ" అని రేడియో కట్టేయకండి. మీ ఇంట్లో నులక మంచం ఉండేదా? ఉండేది కదా! అయితే ఈ విషయం మీకు ముందే తెలుసు.

మా అమ్మమ్మగారి ఊళ్ళో వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు ఆరుబయట నులక మంచాలు వేసేవారు. వాడగా వాడగా నులక వదులై మధ్యలో గుంట పడేది. అప్పుడు మా తాతయ్య కాళ్ళ వైపు తాడు లాగి బిగించేవారు. ఓసారి మా మావయ్య ఉత్సాహం కొద్దీ మరీ గట్టిగా లాగేశాడు. మంచం మెలి తిరిగి, ఒక కోడు నేలకి ఆనకుండా గాల్లో నిలబడింది. కూర్చుంటే టక్, లేస్తే టక్. తాతయ్య వచ్చి చూసి, నులకని తాకనైనా తాకకుండా, ముందు పట్టె కోట్లోకి దూరే చోట చెయ్యి పెట్టి ఊపి చూశారు. అక్కడ వదులుంది. అక్కడో చెక్క మేకు కొట్టి, అప్పుడు నులక సర్దారు.

ఇప్పుడు కారు సంగతికొస్తాను. చక్రాలకీ శరీరానికీ మధ్య ఉండే స్ప్రింగులు నులక లాంటివి. పట్టెలూ కోళ్ళూ కలిసిన చట్రం కారు ఛాసీ. చట్రం మెత్తగా ఉంటే నులక ఎంత బిగించినా లాభం లేదు సరికదా, చట్రమే మెలి తిరుగుతుంది. ఇంజనీర్లు దీన్ని టార్షనల్ స్టిఫ్‌నెస్ అంటారు. నేను ఇవాళ్టికి బిగువు అంటాను. బిగువు వేరు, బలం వేరు. వెదురు బద్ద బలమైనదే, విరగదు, కానీ వంగుతుంది. సుద్దముక్క వంగదు, కానీ పుటుక్కుమంటుంది. పాత స్పోర్ట్స్ కారుకి సాధారణంగా వచ్చే జబ్బు వెదురు బద్ద జబ్బు.

ఎందుకొస్తుంది? పైన కప్పు లేదు కాబట్టి. ఇంట్లో చెప్పుల అట్టపెట్టె ఉంటే తీసుకోండి. మూత పెట్టి రెండు చివర్లూ పట్టుకుని మెలిపెట్టండి, కదలదు. మూత తీసి మెలిపెట్టండి, తడిబట్టలా తిరుగుతుంది. మామూలు కారుకి కప్పు ఆ మూత. రోడ్‌స్టర్ కి అది లేదు. ఆ పని అంతా నేల, మధ్యలో సొరంగం లాంటి భాగం, రెండు పక్కలా తలుపుల కింద నిలువునా పోయే రేకు పెట్టెలు చెయ్యాలి. ఆ రేకు పెట్టెల్ని ఇంగ్లీషులో సిల్ అంటారు, అంటే గడప. మాట ఎంత బాగా కుదిరిందో చూడండి. మనవాళ్ళు ఊరికే గడపకి పసుపు రాయలేదు. కారు మొత్తానికి ఆధారం ఆ గడపే.

అన్ని కార్లూ ఇలా ఉండవు లెండి. మా పెదనాన్నగారికి రాజమండ్రిలో ఒక స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది, మద్రాసులో తయారైనది. దాని బానెట్ మొత్తం మొసలి నోరు తెరిచినట్టు ముందుకి తెరుచుకునేది, చిన్నప్పుడు మాకు అదో వింత. దానికి కింద విడిగా ఒక ఇనప చట్రం ఉండేది, పైన శరీరాన్ని బోల్టులతో బిగించేవారు. ఇంగ్లండులో అదే చట్రాన్ని కొంచెం కురచ చేసి 1962 లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. అదే 1962 లో లోటస్ వాళ్ళు ఎలాన్ అనే చిన్న కారు తెచ్చారు. దానికి మధ్యలో వెన్నెముకలా ఒకే ఒక ఉక్కు పెట్టె, దాని పైన ఫైబర్ శరీరం. అంబాసిడర్ కి మాత్రం విడి చట్రం లేదు, శరీరమే చట్రం. ఇప్పుడు మనం నడిపే కార్లన్నీ దాదాపు ఆ పద్ధతే.

నా కారు మాజ్డా ఎమ్.ఎక్స్-5, మొదటి తరం, 1991 మోడల్, 1.6 లీటర్ల ఇంజను. ఈ కారు 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మొదటిసారి కనపడింది. ఆ ఎలాన్ నే ఆదర్శంగా పెట్టుకుని చేశారని అందరూ అంటారు, చూస్తే తెలుస్తుంది కూడా. మొదటి తరం ఒక్కటే నాలుగు లక్షలకి పైగా అమ్ముడైంది. అన్ని తరాలూ కలిపి 2016 ఏప్రిల్ లో పది లక్షలో కారు తయారైంది. అందులో ఒక తెలివైన ఏర్పాటుంది: గేరుబాక్సు నుంచి వెనక డిఫరెన్షియల్ దాకా అల్యూమినియంతో ఒక పొడవాటి దూలం. దాని వల్ల ఇంజనూ గేర్లూ వెనక ఇరుసూ ఒకే ముక్కలా కదులుతాయి. చాలామంది దీన్ని చూసి "ఛాసీకి ఇంత పెద్ద దూలం ఉండగా ఇంకేం కావాలి?" అంటారు. అది శరీరాన్ని బిగించదు, యంత్రాన్ని బిగిస్తుంది. ఆ తేడా తెలియక నేను కూడా ఓ ఏడాది మోసపోయాను.

ఇంకో సంగతి. 1994 మోడల్ నుంచి 1.8 లీటర్ల ఇంజను పెట్టినప్పుడు మాజ్డా వాళ్ళే శరీరానికి అదనపు ఆసరాలు జోడించారు. సీట్ల వెనక సీటు బెల్టు స్తంభాల మధ్య ఒక అడ్డకడ్డీ, ముందూ వెనకా సబ్‌ఫ్రేములకి మరికొన్ని కడ్డీలు. పక్క నుంచి గుద్దుకున్నప్పటి భద్రతా నియమాలు దానికి ప్రధాన కారణం. ఏదేమైనా, కంపెనీవాళ్ళే తర్వాత బిగించారంటే, నా 1991 కారులో బిగించడానికి చోటుందని అర్థం కదా! నేను ఆ తర్కంతోనే ఖర్చుకి దిగాను.

నేనీ కారుని 2019 లో దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర కొన్నాను. ఇక్కడ పాత కార్లు చాలావరకు అలాగే చేతులు మారతాయి. వీసా అయిపోతుంది, కంటెయినర్ లో కారుకి చోటుండదు, వచ్చిన రేటుకి ఇచ్చేస్తారు. మా ఆవిడ ఆ రోజు అడిగిన ప్రశ్న నాకింకా గుర్తే. "ఆయన వెళ్ళిపోతూ అమ్మేస్తున్నాడు. మనం ఎన్నాళ్ళుంటామని కొంటున్నాం?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ రెండేళ్ళకోసారి కాంట్రాక్టు రెన్యూ అయ్యేదాకా ఆ ప్రశ్న మా వంటింట్లోనే తిరుగుతూ ఉంటుంది.

కొన్న ఏడాదికి, కుర్రతనం ఇంకా వదల్లేదు కనక, కొంచెం గట్టి స్ప్రింగులు వేయించాను. ఆమెరాత్ కొండ దారిలో మలుపులు తిరుగుతుంటే బాగుంటుందని ఆశ. బాగోలేదు. మలుపులో బాగానే ఉన్నట్టుంది గానీ, రోడ్డు అతుకుల మీద డాష్‌బోర్డు గజగజ వణికేది. వెనక చూసే అద్దంలో లారీ ఒకటే ఉన్నా రెండు కనపడేవి. మా కాలనీలో అడుగడుగునా స్పీడ్ బ్రేకర్లున్నాయి. వాటిని ఏటవాలుగా దాటితే తలుపు కిర్రుమనేది.

ఎందుకిలా అయిందో ఇప్పుడైతే చెప్పగలను. ఛాసీ కూడా ఒక స్ప్రింగే. అసలు స్ప్రింగూ, ఛాసీ అనే స్ప్రింగూ ఒకదాని వెంట ఒకటి కట్టినట్టు ఉంటాయి. రోడ్డు తోసినప్పుడు రెంటిలో ఏది మెత్తగా ఉంటే అది ఎక్కువ వంగుతుంది. అసలు స్ప్రింగు మెత్తగా ఉన్నంతకాలం ఛాసీ జోలికి ఎవరూ పోరు. దాన్ని నేను గట్టి చేసేసరికి తోపు అంతా ఛాసీ మీద పడింది. స్ప్రింగుకి పక్కన డ్యాంపర్ ఉంటుంది, ఊపుని ఆపుతుంది. ఛాసీకి డ్యాంపర్ లేదు, అందుకే వణుకుతుంది. మా మావయ్య నులక లాగినట్టే నేనూ లాగానన్నమాట!

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. వణుకంతా ఛాసీదే కాదు. చక్రాల బ్యాలెన్స్ తప్పితే కూడా వణుకుతుంది. కానీ అది వేగాన్ని బట్టి వస్తుంది. నున్నటి రోడ్డు మీద కూడా ఒకే వేగం దగ్గర మొదలై, ఆ వేగం దాటితే తగ్గుతుంది. ఛాసీ వణుకు రోడ్డుని బట్టి వస్తుంది. నున్నటి మస్కట్ ఎక్స్‌ప్రెస్‌వే మీద మాయమై, పాత రోడ్డు మీద ప్రత్యక్షమవుతుంది. రబ్బరు బుష్షులు పోయినా ఇలాంటి వణుకే వస్తుంది. ఈ దేశపు ఎండలకి రబ్బరు ఎండి పగిలిపోతుంది. ముప్పై ఏళ్ళు దాటిన రబ్బరు పేరుకే రబ్బరు, తీరులో కొబ్బరి చిప్ప. టైర్ల వయసు కూడా చూడాలి. పక్కన అచ్చు వేసిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. టైరు మీద గాట్లు లోతుగానే ఉన్నా, లోపల గట్టిపడిన టైరు చిన్న రాయిని కూడా కారు లోపలికి మోసుకొస్తుంది.

ఇవన్నీ చూసుకోకుండానే నేను తొందరపడ్డాను. ఇక్కడి ఒక గ్యారేజీలో చూపిస్తే, ఆయన కారు కిందకి వంగనైనా వంగకుండా, "ఛాసీ వీక్ సార్, పూర్తిగా బ్రేసింగ్ చెయ్యాలి, 600 రియాళ్ళు" అన్నాడు. ఇంజను పైన అడ్డకడ్డీ, కింద పట్టాలు, వెనక రోల్ బార్, అన్నీ కలిపి. 600 రియాళ్ళంటే అమెరికా డాలర్లలో 1,560 దాకా అవుతుంది. ఆ నెల మా అమ్మాయి స్కూలు ఫీజు కట్టాల్సిన నెల. అయినా సగం సామాను ఆర్డరు పెట్టేశాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

సామాను రావడానికి ఆరు వారాలు పట్టింది. అంత ఆలస్యం కావడమే నా అదృష్టం. ఆ ఆరు వారాల్లో తీరిగ్గా నేనే కొలతలు తీశాను.

మీరు కూడా చెయ్యగలిగిన పరీక్ష ఒకటుంది. చదునైన చోట కారు ఆపి, టాప్ తెరిచి, తలుపులు మూసి, తలుపు వెనక అంచుకీ శరీరానికీ మధ్య సందుని పైనా కిందా కొలవాలి. తర్వాత ఒక వెనక చక్రం వైపు జాకీ పెట్టి నెమ్మదిగా ఎత్తి, అదే సందుని మళ్ళీ కొలవాలి. సందు మారలేదంటే సంతోషం. నా కారుకి ఎడమ పక్క పైన సందు ఒకటిన్నర మిల్లీమీటరు మారింది. సర్లే, కప్పు లేని కారుకి అది వింత కాదు అనుకున్నాను. కుడి పక్క మూడు మిల్లీమీటర్లు మారింది! తలుపు సగంలో పట్టేసి తెరుచుకోలేదు. ఒకే కారు, ఒకే ఫ్యాక్టరీ, ఒకే వయసు, మరి రెండు పక్కలకీ తేడా ఎందుకుండాలి? పుట్టుకతో మెత్తని ఛాసీ అయితే రెండు పక్కలా సమానంగా మెత్తగా ఉండాలి కదా. ఒక పక్కే ఎక్కువ వంగుతోందంటే ఆ పక్కన ఏదో చెడిపోయిందని అర్థం.

సరిగ్గా కొలవాలంటే వర్క్‌షాపు పద్ధతి వేరే ఉంది. వెనక భాగాన్ని కదలకుండా నిలిపి, ముందు భాగాన్ని మధ్యలో ఒక్క బిందువు మీద ఆనించి, అడ్డంగా దూలం కట్టి, దాని చివర బరువు వేలాడదీస్తారు. ఉదాహరణకి 80 కిలోల మనిషి మధ్య నుంచి మీటరున్నర దూరంలో నిలబడితే దాదాపు 1,180 న్యూటన్ మీటర్ల మెలి పడుతుంది. దానికి శరీరం పావు డిగ్రీ తిరిగిందనుకోండి, బిగువు డిగ్రీకి 4,700 చిల్లర అన్నమాట. పాత తెరిచిన కార్లకి ఇలా కొన్ని వేలల్లో ఉంటుంది. ఇప్పటి మూసిన కార్లకి 20,000 దాటడం మామూలే. పావు డిగ్రీ ఏపాటిది అంటారా? 1.2 మీటర్ల వెడల్పులో అది అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు. మలుపులో చక్రం నిలబడే కోణం అటూ ఇటూ అవ్వడానికి అది చాలు.

మూడు మిల్లీమీటర్ల సంగతి ఎవరికి చెప్పాలా అని ఆలోచిస్తే, వాదీ కబీర్ వైపు ఒక చిన్న షెడ్డులో పని చేసే మలయాళీ మేస్త్రి గుర్తొచ్చాడు. చేట్టన్ అనే పిలుస్తాను. ఆయన కారు లిఫ్టు ఎక్కించి, ఏమీ మాట్లాడకుండా ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని కుడి గడప వెనక భాగం కింద టక్ టక్ మని కొట్టుకుంటూ వెళ్ళాడు. టంగ్, టంగ్, టంగ్... ఒకచోట డబ్. ఇంకొంచెం నొక్కాడు. స్క్రూడ్రైవర్ పిడి దాకా లోపలికి దిగిపోయింది. నా గుండెలో దిగినట్టే అయింది.

ఒమాన్ లాంటి ఎడారి దేశంలో తుప్పెక్కడిదని మీకు అనిపించవచ్చు. ఈ కారుకి టాప్ మడత పడే చోట, సీట్ల వెనక, నీళ్ళు పోవడానికి రెండు గొట్టాలుంటాయి. వాటిలో దుమ్ము పేరుకుంటే నీళ్ళు గడప లోపలికి దారి చూసుకుంటాయి. ఇక్కడ వానలు తక్కువ, దుమ్ము ఎక్కువ. ఏడాదంతా దుమ్ము పేరుకుని గొట్టం మూసుకుపోతుంది, వచ్చినప్పుడు వాన ఒక్కసారే వస్తుంది. పైగా సముద్రపు ఉప్పుగాలి. 2021 అక్టోబరు 3 న షాహీన్ తుపాను బాతినా తీరాన్ని తాకినప్పుడు మేం సీబ్ లో ఉన్నాం. ఆ రెండు రోజులూ కారు బయటే ఉంది, మీద గుడ్డ కప్పి వదిలేశాను. తర్వాత కార్పెట్ తడిగా ఉంటే ఎండబెట్టాను. గడప లోపల నీళ్ళు నిలిచాయని నాకు తోచలేదు. కారుని పాడు చేసింది పాత ఓనరు కాదు, నేనే.

ఆ చిల్లు ఎంత పని చేస్తుందో లెక్క చెప్తాను, వినండి. అంగుళాల్లో నాలుగు, మిల్లీమీటర్లలో 100, నాలుగు పక్కలూ సమానంగా ఉన్న ఒక రేకు పెట్టె అనుకోండి. రేకు మందం 1 మిల్లీమీటరు. నాలుగు మూలలూ అతికి ఉన్నప్పుడు దాని మెలి బిగువు ఎంతో, నిలువునా ఒక్క గాటు పెట్టి తెరిస్తే అందులో 7,500 వ వంతుకి పడిపోతుంది. ఏడు వేల అయిదు వందలు! రేకు బరువు అదే, కొలత అదే, అతుకు ఒక్కటే పోయింది. అగరుబత్తుల అట్టగొట్టాన్ని నిలువునా కత్తిరించి మెలిపెట్టి చూడండి, ఈ లెక్క చేతికి తెలుస్తుంది. నిజం కారులో చిల్లు నిలువునా ఉండదు, చుట్టుపక్కల రేకులు ఆదుకుంటాయి, అంత ఘోరం జరగదు. కానీ దిశ అదే. ఇంత పోయిన గడపని అలాగే ఉంచి, పైన ఇంజను దగ్గర మెరిసే కడ్డీ బిగించి ఉంటే నా 600 రియాళ్ళూ ఏమయ్యేవో మీరే ఊహించుకోండి.

పైగా ఆ ఇంజను పైన కడ్డీ గురించి నా అభిప్రాయం చెప్పేస్తాను. ముందు చక్రాల స్ప్రింగు పైకి నిలువు గూటిలోకి పోయే స్ట్రట్ పద్ధతి కార్లలో ఆ కడ్డీకి అర్థం ఉంది, అక్కడ బరువంతా ఆ గూటి పైనే పడుతుంది. నా కారుకి డబుల్ విష్‌బోన్ పద్ధతి, చక్రం పక్కకి తోసే బలం చాలావరకు కింద సబ్‌ఫ్రేములోకి పోతుంది. పైన కడ్డీ వల్ల బానెట్ తెరిచినప్పుడు ఫొటో బాగుంటుంది. అమ్మేవాళ్ళకి కోపం వస్తే రానివ్వండి.

చేట్టన్ కి రేకు పని రాదు. "మంచి వెల్డరు ఉన్నాడు, మీ తెలుగువాడే" అని నంబరిచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. సోహార్ లో ఏళ్ళ తరబడి పైపుల పని చేసి, ఇప్పుడు మస్కట్ లో ఉంటున్నాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను అన్నా అంటాను, వద్దన్నా ఆయన నన్ను సార్ అంటాడు. శుక్రవారం పొద్దున్నే వచ్చి కారు కింద పడుకుని టార్చి వేసి చూశాడు. నేను డబ్బాలోంచి నా కొత్త కడ్డీలు తీసి వరుసగా పరిచి, "ఇవి వెయ్యాలన్నా" అన్నాను.

"గవి తర్వాత సంగతి సార్" అన్నాడు. "ఈ రేకుల పాణం లేదు. దీని మీద వెల్డింగ్ పెడ్తే నిలవది. ముందుగాల తుప్పంత తీసెయ్యాలె. మంచి రేకు దొరికేదాంక కోసుకుంట పోవాలె. ఇల్లు కూలుతుంటె దర్వాజకు కొత్త గొళ్ళెం ఎందుకు సార్?"

ఎంత కొయ్యాల్సి వస్తుందని అడిగాను. "కోస్తెనే తెలుస్తది" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోసుకుంటూ పోతే కారులో మిగిలేది లేకపోతే? తుక్కు కింద అమ్మాల్సి వస్తే? మా ఆవిడ లేచి మంచినీళ్ళు తాగి, "కోయించండి. లోపల ఏముందో తెలియకుండా అందులో పిల్లని కూర్చోబెట్టద్దు" అని మళ్ళీ పడుకుంది. అప్పటిదాకా నాకు తట్టని మాట అది. నేను వణుకు గురించి ఆలోచిస్తున్నాను, ఆవిడ గుద్దుకుంటే ఏమవుతుందని ఆలోచిస్తోంది. ఎయిర్‌బ్యాగ్ లేని కారులో పక్క నుంచి వచ్చే దెబ్బకి అడ్డు పడేది ఆ గడప ఒక్కటే.

పని జరిగిన తీరు కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే కారు పాడు చేసుకుంటారు. గడప కోసే ముందు కారుని నాలుగు వైపులా సమంగా స్టాండ్ల మీద నిలిపి, తలుపు సందులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, తలుపు ఉండే ఖాళీలో అడ్డంగా ఒక తాత్కాలిక కడ్డీ బిగించాలి. లేకపోతే కోసిన క్షణంలో కారు మధ్యలో కుంగుతుంది, కుంగిన ఆకారంలోనే కొత్త రేకు అతుక్కుంటుంది, ఇక జన్మలో తలుపు సరిగ్గా పడదు. బ్యాటరీ తీగలు ఊడదియ్యాలి. కార్పెట్, సీట్లు తీసెయ్యాలి. ఈ కారుకి పెట్రోలు ట్యాంకు సీట్ల వెనకే ఉంటుంది, దాని గురించి ఎంత భయపడితే అంత మంచిది. కొందరు గడప లోపల గట్టిపడే నురుగు నింపితే బిగువొస్తుందంటారు. అలా నింపిన కారుకి తర్వాత ఎప్పుడైనా వెల్డింగ్ చెయ్యాల్సి వస్తే ఆ నురుగు అంటుకుంటుంది, పైగా నీళ్ళు దాని వెనక చేరితే ఎండవు. నేను వద్దన్నాను.

అన్న తుప్పు కోసుకుంటూ పోయాడు. జానెడున్నర దాకా పోయి, తెల్లగా మెరిసే రేకు తగిలింది. అక్కడ ఆగాడు. లోపలి పొరా బయటి పొరా రెండూ కొత్తగా వేశాడు. ఒకేచోట పొడవునా వెల్డింగ్ లాగకుండా ఇక్కడో చుక్క అక్కడో చుక్క పెట్టుకుంటూ, మధ్యలో చల్లారనిచ్చి, రెండు శుక్రవారాలు చేశాడు. లోపల మైనం పట్టించాం, నీళ్ళ గొట్టాలు శుభ్రం చేశాం. బుష్షులూ డ్యాంపర్లూ చేట్టన్ మార్చాడు. గట్టి స్ప్రింగులు తీసేసి పాతవే వేయించాను. ఇదంతా పోయిన చలికాలంలో.

తర్వాత జాకీ పరీక్ష మళ్ళీ చేశాను. కుడి పక్క సందు మార్పు మూడు నుంచి ఒకటిన్నరకి వచ్చింది. ఎడమ పక్కతో సమానం. కడ్డీలు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. వాటిని ముట్టుకోకుండా నెల రోజులు నడిపాను. కురియాత్ దాకా పోయి వచ్చాను. వణుకు ఎక్కడో కొంచెం ఉంది, కానీ అద్దంలో లారీ ఒకటిగానే కనపడింది.

మరి అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఇంతటితో ఆగాలా, బిగించాలా? నా లెక్క ఇలా సాగింది. కంపెనీ ఇచ్చిన మెత్తని స్ప్రింగులు, మామూలు టైర్లు, మామూలు రోడ్లు అయితే కంపెనీ ఇచ్చిన బిగువు చాలు, అది తుప్పు లేకుండా ఉంటే. గట్టి స్ప్రింగులు, జిగురు టైర్లు వేసి ట్రాక్ మీద తిప్పాలంటే ముందు ఛాసీ బిగించాలి, తర్వాతే స్ప్రింగులు. నేను ట్రాక్ కి పోను. మన ఒమాన్ నుంచి అహ్మద్ అల్ హార్తీ గారు ప్రపంచ పోటీల్లో నడిపారు, మా తరఫున ఆయన చాలు! కానీ ఒక కొత్త విషయం బయటపడింది. కారు నేల కింద నిలువుగా పోయే రెండు పట్టాలున్నాయి, ఎవరెవరో జాకీ తప్పు చోట పెట్టి ఎత్తడం వల్ల అవి చప్పగా నలిగిపోయి ఉన్నాయి. నలిగిన పట్టాకి బిగువుండదు. ఆ పట్టాల మీద తొడిగే ఉక్కు తొడుగులు నా డబ్బాలో ఉన్నాయి. అవి వెయ్యడం అలంకారం కాదు, మరమ్మతే. అలాగే సీట్ల వెనక అడ్డకడ్డీ, 1994 లో కంపెనీయే పెట్టింది కాబట్టి. రోల్ బార్ మాత్రం వద్దనుకున్నాను. తిరగబడితే కాపాడేది అదే, కానీ నాకున్న సీటు ఎత్తుకి తల దాని పై అంచుకి చాలా దగ్గరగా వస్తోంది. హెల్మెట్ లేకుండా తల వెనక ఇనప గొట్టం పెట్టుకోవడం రోడ్డు కారుకి మంచిది కాదు. సీటు కిందకి దించే ఏర్పాటు దొరికితే అప్పుడు చూస్తాను. ఇంకో మాట, ఇక్కడ కారు నిర్మాణంలో మార్పులకి రాయల్ ఒమాన్ పోలీసు అనుమతి కావాలి. ముల్కియా రెన్యువల్ కి పాత కార్లని తనిఖీ చేస్తారు కూడా. ఇన్సూరెన్సు వాళ్ళకీ ముందే చెప్పుకోవాలి.

నెమ్మదిగా వేసవి అయ్యాక చేయిద్దాంలే అనుకుంటుంటే అన్న ఫోను చేశాడు. "సార్, బిడ్డ పెండ్లి కుదిరింది. నేను ఎగ్జిట్ కొట్టుకుని పోతున్న. మల్ల రాను. ఆ పట్టాల పని ఉంటె ఈ శుక్రారమే పెట్టుకోండ్రి" అన్నాడు. ఎప్పుడు బిగించాలి అన్న దానికి నేను రాసుకున్న కారణాల్లో ఇది లేదు. ఆ శుక్రవారమే పెట్టుకున్నాం. తొడుగుల చివర్లు ఒక్కసారిగా ఆగిపోతే బరువంతా అక్కడే పడి రేకు పగులుతుందని, చివర్లని ఏటవాలుగా కోసి, కింద వెడల్పాటి పలకలు పెట్టి వెల్డ్ చేశాడు. ఆ సంగతి నేను చదువుకున్నాను, ఆయనకి చెయ్యి చెప్పింది. డబ్బులిస్తే లెక్క పెట్టకుండా జేబులో పెట్టుకుని, మా అమ్మాయి తెచ్చిన టీ తాగి, కారు తలుపు ఒకసారి తెరిచి మూసి చూశాడు. చప్పుడు విని తల ఊపాడు.

ఆయన్ని విమానాశ్రయానికి ఆ కారులోనే తీసుకెళ్దామనుకున్నాను. రెండే సీట్లు, డిక్కీలో ఒక్క సంచి పడుతుంది. ఆయన దగ్గర పెట్టెలు నాలుగున్నాయి, ఒక టీవీ కూడా. చివరికి చేట్టన్ పికప్ లో సామాను వెళ్ళింది, అన్న మాత్రం నా పక్కన కూర్చున్నాడు. టాప్ తెరిచాను. సీబ్ దగ్గర రోడ్డు మరమ్మతు జరుగుతున్న చోట గతుకుల మీద వెళ్తుంటే, ఆయన డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచాడు. "ఇంగ కొంచెం ఉన్నది సార్" అన్నాడు. ఉంది మరి. పెళ్ళికి రమ్మని శుభలేఖ పంపాడు, సెలవు కోసం మా ఆఫీసులో అప్లికేషన్ పెట్టాను.